డ్రోన్ కంటే ముందు మట్టి పరీక్ష, ఆకు రంగు పట్టిక

కచ్చితత్వ సేద్యంతో, అంటే పొలంలో ఏ చోటికి ఎంత అవసరమో చూసి అంతే ఎరువు, మందు వాడే పద్ధతితో, సాగు ఖర్చు తగ్గుతుందని వాదించే ఒక వ్యాసం చదివాను; ఆ వాదనతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే అందులో డ్రోన్లు, సెన్సర్ల గురించి ఎంతో వివరంగా రాసి, చిన్న రైతు పెద్ద పెట్టుబడి లేకుండా వెంటనే మొదలుపెట్టగల పనులను రెండు వాక్యాలతో ముగించడం వెలితిగా అనిపించింది.

ఒకే పొలంలోని మెరకకూ, నీరు నిలిచే పల్లానికీ ఒకే మోతాదు ఎరువు అవసరం ఉండదు. వాటి మట్టిని విడివిడిగా పరీక్ష చేయిస్తే, భాస్వరం ఇప్పటికే నిండుగా ఉన్న చోట ఆ ఎరువును తగ్గించుకోవచ్చు. గట్ల పక్కన, పెంటకుప్ప వేసిన చోట తీసిన మట్టి మాత్రం నమూనాలో కలవకూడదు.

వరి రైతుకు అంతకంటే సులువైన సాధనం ఆకు రంగు పట్టిక. మొక్కలో అన్నిటికన్నా పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును తెంపకుండా, మన నీడలో ఉంచి, దాని మధ్యభాగాన్ని పట్టికలోని ఆకుపచ్చ ఛాయలతో పోల్చాలి. ఇలా చూసిన 10 ఆకుల్లో 6 లేదా అంతకుమించి ఆ రకానికి నిర్ణయించిన ఛాయ కంటే పాలిపోయి ఉంటేనే యూరియా వేయాలి. పాలిపోయిన ఆకు నత్రజని కొరతకు గుర్తు; యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అది అవసరానికి మించితే పైరు మెత్తబడి పడిపోవడమే కాక, అగ్గితెగులు, సుడిదోమ (పైరు రసం పీల్చే పురుగు) ఉద్ధృతి పెరుగుతుంది కాబట్టి, ఎరువు దగ్గర చేసిన దుబారాకు రైతు మళ్లీ పురుగుమందు రూపంలో మూల్యం చెల్లిస్తాడు. వ్యాసంలో ఈ గొలుసు ప్రస్తావనే లేదు.

పిచికారీ యంత్రానికి అరిగిపోయి, మందును ఎక్కువగా వదిలే నాజిల్‌ను (మందు చిమ్మే మూతిని) మార్చడం కూడా కచ్చితత్వ సేద్యమే. డ్రోన్‌ను సొంతంగా కొనడం కన్నా, రైతులు కలిసి అద్దెకు తెచ్చుకోవడమే చిన్న కమతాలకు నప్పుతుందని నా అభిప్రాయం.