పిల్లి నాలుక పిల్లికే

మానవ మేధస్సు ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలుసుకోవాలనుకునేవారు చంద్రమండలానికి పంపిన నౌకల వంక చూడనవసరం లేదు. పిల్లి ఒళ్ళు దువ్వడం కోసం పిల్లి నాలుకను చూసి తయారు చేసిన దువ్వెన వంక చూస్తే చాలునని నా నిశ్చితాభిప్రాయం. నాలుక పిల్లిది. ఒళ్ళూ పిల్లిదే. ఆ నాలుకతో ఆ ఒళ్ళు ఎలా దువ్వుకోవాలో దానికి తల్లి దగ్గరే తెలిసిపోయింది. అయినా మనిషి ఈ రెండింటి మధ్యకు మధ్యవర్తిగా ప్రవేశించి, నాలుక మీది ముళ్ళను కొలిచి, వాటిని నాలుగింతలు పెంచి, త్రీడీ ముద్రణ యంత్రంలో పోతపోసి, మెత్తటి సిలికాన్ పొర మీద నాటి, ఆ వస్తువును పట్టుకుని తిరిగి పిల్లి దగ్గరకే బయలుదేరాడు. పిల్లికి బిచ్చం పెట్టనివాడని లోభిని నిందించడం మన ఆచారం. పిల్లి నాలుకను పిల్లికే కానుక చేసేవాడిని ఏమని పిలవాలో మన పెద్దలు చెప్పలేదు.

వృత్తాంతం ఇది. అమెరికాలోని అట్లాంటా నగరంలో జార్జియా టెక్ అనే ప్రసిద్ధ విద్యాసంస్థ ఉంది. అక్కడ పరిశోధన చేస్తున్న అలెక్సిస్ నోయెల్ అనే ఇంజనీరు ఇంట్లో మర్ఫీ అనే పిల్లి ఉండేది. ఆ మర్ఫీ ఒకనాడు మైక్రోఫైబర్ దుప్పటిని నాకబోగా నాలుక కాస్తా దుప్పటికి చిక్కుకుంది. అదే సంఘటన మన ఇళ్ళలో జరిగి ఉంటే దుప్పటిని ఒక్క లాగు లాగి, పిల్లిని నాలుగు తిట్లు తిట్టి, ఆ దుప్పటిని ఎండలో వేసి ఉండేవాళ్ళం; శాస్త్రం అక్కడితో ముగిసిపోయేది. నోయెల్ గారు మాత్రం నాలుక ఎందుకు చిక్కుకున్నదని ప్రశ్నించుకున్నారు. ఆమెకు మార్గదర్శకుడైన డేవిడ్ హు గారు ఇటువంటి ప్రశ్నలకు జంకేవారు కారు. ఏనుగైనా మేకైనా మూత్రాశయం ఖాళీ చేయడానికి సుమారు 21 సెకన్లే తీసుకుంటాయని తేల్చి 2015లోను, వాంబాట్ అనే ఆస్ట్రేలియా జంతువు పేడ పాచికల్లా ఘనాకారంలో ఎందుకు పడుతుందో తేల్చి 2019లోను ఆయన సహచరులతో కలిసి, ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతులు అందుకున్నారు. గురువంటే అలా ఉండాలి.

గురుశిష్యులు కలిసి పెంపుడు పిల్లి మొదలుకొని బాబ్‌క్యాట్, ప్యూమా, మంచు చిరుత, పులి, సింహం వరకు ఆరు రకాల మార్జాల వంశీయుల నాలుకలను పరీక్షించి, 2018 నవంబరులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పెంపుడు పిల్లి నాలుక మీద సుమారు 290 ముళ్ళు ఉంటాయి. మన గోళ్ళు ఏ పదార్థంతో తయారయ్యాయో అవీ ఆ కెరటిన్‌తోనే తయారై, గొంతు వైపుకు వంగి ఉంటాయి. అవి గట్టి శంకువుల్లాంటివని అంతకుముందు అందరూ అనుకునేవారు. పిల్లి మనిషితో కలిసి కొన్ని వేల ఏళ్ళుగా కాపురం చేస్తున్నా, దాని నోరు తెరిపించి సరిగ్గా చూసినవాళ్ళు లేరన్నమాట. తీరా చూస్తే ఒక్కొక్క ముల్లు కొసన చిన్న తూము ఉంది. ఆరు జంతువుల్లోనూ ఉంది. దీపపు ఒత్తి నూనెను పైకి పీల్చినట్టు ఆ తూము ఉమ్మిని పీల్చి పట్టి, బొచ్చులోకి దిగి, చర్మం దగ్గర వదిలిపెడుతుంది. ఈ సూత్రానికి మన పాఠ్యపుస్తకాల్లో పేరు కేశనాళికీయత. భౌతికశాస్త్రానికి తెలుగు పదాలు కూర్చిన పండితుడెవరో గాని, పిల్లి వెంట్రుకల కోసమే ముందుచూపుతో ఆ పేరు పెట్టినట్టున్నాడు.

ఇంతకూ ఉమ్మి ఎందుకంటే, పిల్లికి చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల అడుగునే ఉంటాయి. ఒళ్ళంతా చెమట పట్టే భాగ్యం లేదు కనుక అది ఉమ్మినే చెమటగా పూసుకుని, ఆ తడి ఆరేటప్పుడు చల్లబడుతుంది. ఒంటి నుంచి పోవలసిన వేడిలో పావు వంతు దాకా ఈ విధంగానే పోవచ్చునని ఆ పరిశోధకుల అంచనా. పైగా మెలకువగా ఉన్న సమయంలో దాదాపు పావు వంతు అది ఈ పనికే కేటాయిస్తుంది. దీనిని బట్టి దువ్వెన తయారీదారులు గ్రహించవలసింది ఒకటుంది: వారు తీసుకున్నది ముల్లును మాత్రమే. ఉమ్మిని తీసుకోలేదు, రోజుకు రెండు మూడు గంటల తీరికను అసలే తీసుకోలేదు. ఆ తీరికను కూడా పోతపోసి అమ్మగలిగే యంత్రం వస్తే మొదటి కొనుగోలుదారుణ్ణి నేనే.

అయినా దువ్వెన గుణాన్ని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. మనం తలకు వాడే బ్రష్షు పళ్ళు నిటారుగా నిలబడి, ఎటూ కదలక, చిక్కు తగిలితే వెంట్రుకనైనా తెంపుతాయి లేదా తామైనా విరుగుతాయి. పట్టుదల గల మామగారి స్వభావం. పిల్లి నాలుక ముల్లు అలా కాదు. దాని మొదలు మెత్తటి కండలో ఉంటుంది కనుక చిక్కు తగలగానే ముల్లు గిర్రున తిరిగి లేచి నిలబడి, చిక్కు మధ్యలోకి జొరబడి, మెల్లగా దాన్ని విడదీస్తుంది. అందుకే కృత్రిమ దువ్వెనకు కూడా అడుగున సాగే పొర పెట్టారు. మామూలు బ్రష్షు కన్నా అది తక్కువ బలంతో దువ్వుతుంది. పట్టిన వెంట్రుకల్ని వదిలించాలంటే ముళ్ళు వంగిన వైపు ఒక్కసారి వేలితో రాస్తే ఊడి వచ్చేస్తాయి. బ్రష్షు పళ్ళ మధ్య ఇరుక్కున్న జుట్టును పిన్నీసుతో పెరికి, ఉండచుట్టి, కిటికీలోంచి పారేసి, కింది వాటా వాళ్ళతో తగాదా పడిన అనుభవం ఉన్న గృహస్థులకు ఈ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కర లేదు. దీనికి వారు పెట్టిన పేరును పొడి అక్షరాల్లో చదివితే ఇంచుమించు టైగర్ అని వినిపిస్తుంది. పిల్లిని కాగితం మీదనైనా పులిని చేయడం పరిశోధకుల పాత వేడుక.

ఈ విషయంలో ప్రకృతి చేసిన ఒక పెద్ద పొరపాటును వారు దిద్దారని కూడా ఒప్పుకోవాలి. అసలు నాలుక మీది ముళ్ళన్నీ గొంతు వైపుకే తిరిగి ఉన్నందువల్ల, ఒకసారి నాలుకకు పట్టిన వెంట్రుకను ఉమ్మివేసే మార్గం పిల్లికి లేదు. మింగడం ఒక్కటే దారి. ఆ మింగినదాన్ని అది ఏ అర్ధరాత్రో, మనం కొత్తగా కొన్న తివాచీ మీద, హృదయవిదారకమైన శబ్దాలతో, ఉండచుట్టి బయటికి తెస్తుంది. కోట్ల ఏళ్ళ పరిణామక్రమం ఈ చిన్న లోపాన్ని సరిదిద్దకుండా వదిలేసిందంటే, ఆ కాలంలో తివాచీలు లేకపోవడమే కారణమై ఉంటుంది.

ఇక్కడ మన పండిత మిత్రులు కొందరు చేయెత్తుతారని తెలుసు. పిల్లిని సంస్కృతంలో మార్జాలం అంటారు. ఆ మాట తుడుచుట, శుభ్రపరచుట అనే అర్థం గల ధాతువు నుంచి వచ్చిందని నిఘంటుకారులు భావిస్తారు. మార్జనమూ, చీపురుకు పెట్టిన సమ్మార్జని అనే గంభీరమైన పేరూ ఆ ధాతువు సంతానమే. నిత్యం తన్ను తాను శుభ్రం చేసుకునేది కనుక మార్జాలం అయింది. కనుక దువ్వెన రహస్యం మన పూర్వులకు ఎప్పుడో తెలుసునని, అట్లాంటావారు తాళపత్రాలు తస్కరించారని రేపో మాపో ఒక సభలో తీర్మానం జరుగుతుంది. పూర్వులు పిల్లిని నిదానంగా గమనించి మంచి పేరు పెట్టారన్నది నిజం. పేరు పెట్టిన తరువాత నోరు తెరిచి చూడకుండా భోజనానికి లేచారన్నది కూడా అంతే నిజం. మనం పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని సామెత కట్టి ఊరుకున్నాం; అమెరికాలోనే మరొక చోట రోమన్ స్టాకర్ అనే ఇంజనీరు తన పిల్లి పాలు తాగుతుంటే కళ్ళు తెరుచుకుని చూసి, అది నాలుక కొసతో పాల ఉపరితలాన్ని తాకీ తాకకుండా సెకనుకు దాదాపు నాలుగు సార్లు పాలను పైకి లాగుతుందని సహచరులతో కలిసి లెక్కగట్టారు. ముళ్ళు లేని నున్నటి కొస పాలకు, ముళ్ళున్న నడుము దువ్వడానికి. ఒక్క నాలుకకు ఇన్ని శాఖలు.

దువ్వెనతోనే ఆగని సాహసులు కూడా ఉన్నారు. ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో 2016లో ఒక సిలికాన్ నాలుకను ప్రజల ముందుంచి చందాలు సేకరించారు. దానికి పిడి లేదు. యజమాని దానిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, మెడ వంచి, స్వయంగా తన పిల్లిని నాకాలి. ఈ వార్త చదివి నవ్వినవారితో నేను ఏకీభవించను. ముళ్ళను చేతి పిడికి తగిలించి నాలుక అని పిలవడంలో ఒక మోసం ఉంది. నాలుక ఉండవలసిన చోటు నోరు. ఆ ధర్మాన్ని పాటించినవారు వీరొక్కరే. కిటికీ తెర వేసుకున్నారా లేదా అన్నది వారి గృహవిషయం.

ఇక అసలు చిక్కు దగ్గరకు వస్తాను. ఆ 2018 పరిశోధనలోనే ఒక మాట ఉంది: పర్షియన్ జాతి పిల్లి నాలుక ముళ్ళు దాని చర్మాన్ని అందుకోలేవు. పులికి, సింహానికి, వీధి పిల్లికి బొచ్చును నాలుకతో నొక్కితే ముల్లు అడుగుదాకా చేరుతుంది, పర్షియన్‌కు చేరదు. దానికి ప్రకృతి అన్యాయం చేయలేదు. అందంగా ఉంటుందని మనిషి తరతరాలుగా పొడుగు బొచ్చు పిల్లులనే ఎంచి పెంచి, సొంత నాలుకకు అందని చొక్కా తొడిగాడు. చిక్కు పడుతున్నదని ఇప్పుడు అదే మనిషి నాలుగింతలు పెద్ద నాలుకను తయారు చేసి పరోపకారిగా నిలబడ్డాడు. గొయ్యి తవ్వినవాడే నిచ్చెన అమ్మడాన్ని మా ఊళ్ళో వ్యాపారం అంటారు. పత్రికల్లో దీన్ని ప్రకృతి నుంచి నేర్చుకోవడం అంటారు.

మా అపార్టుమెంటులో, హైదరాబాదు మే నెల ఎండలో, అటువంటి పర్షియన్ ఒకటి ఉంది. పేరు మహారాణి. మహారాణివారు రోజంతా చలియంత్రం గదిలో ఉంటారు. చిక్కులు విప్పలేక దాన్ని పోయిన వేసవిలో సెలూనుకు తీసుకువెళ్ళి, తల, తోక కొస తప్ప మిగతా ఒళ్ళంతా గొరిగించారు. దాన్ని సింహపు క్షవరం అంటారట. ఆరు వారాల పాటు ఆ జీవి తన ఒంటిని తాను సుఖంగా నాక్కోగా చూశాను. దాని నాలుకకు దాని చర్మం అందడం బహుశా అదే మొదటిసారి.

ఈ పరిస్థితుల్లో న్యాయమైన మార్గం ఒకటే కనిపిస్తున్నది: నాలుక నమూనాతో చేసే ప్రతి దువ్వెన మీదా పిల్లి జాతికి రాయల్టీ సొమ్ము చెల్లించాలి. శాస్త్రలోకంలో పిల్లికి గౌరవం కొత్త కాదు. 1975లో జాక్ హెథరింగ్టన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒంటరిగా రాసిన పత్రంలో అలవాటుగా మేము, మేము అని రాసుకుంటూ పోయాడు. ఒక్కడివే అయితే ఆ మాట చెల్లదని సహోద్యోగి హెచ్చరించగా, మొత్తం మళ్ళీ టైపు చేయడానికి బద్ధకించి తన సయామీ పిల్లిని ఎఫ్. డి. సి. విల్లర్డ్ అన్న పేరుతో సహరచయితగా చేర్చాడు. పత్రం ప్రసిద్ధమైన పత్రికలో అచ్చయింది. తరువాత కొన్ని ప్రతుల మీద ఆ పిల్లి పాదముద్ర సంతకంగా వెలిసింది. ఒక సర్వనామాన్ని నిలబెట్టినందుకే అంత గౌరవం దక్కితే, నాలుక మొత్తం ఇచ్చిన మర్ఫీకి ఎంత దక్కాలి?

అందుచేత నేను ఒక మహజరు రాశాను. మొదటి సంతకం బాధితురాలిదే అయితే బాగుంటుందని సిరాదిమ్మె పట్టుకుని పక్క వాటా తలుపు తట్టాను. సంగతంతా ఓపికగా విన్న ఆ ఇల్లాలు మహారాణి కాలును తన చేతిలోకి తీసుకుని, నా దిమ్మె వంక ఒకసారి చూసి అన్నారు:

“సంతకం పెట్టించడానికి నాకేమీ అభ్యంతరం లేదు అన్నయ్యగారూ. కానీ కాలికి సిరా అంటితే ఇది నాకుతుంది, నాకిందల్లా కడుపులోకే పోతుందని మీరే కదా ఇందాక చెప్పారు. మరి రాత్రికి తివాచీ కడగడానికి మీరొస్తారా?”

మహజరు మీద మొదటి గడి ఇంకా ఖాళీగానే ఉంది.