గుడ్లగూబ దీక్ష

ఇంటి మీద గుడ్లగూబ వాలితే పంతుల్ని పిలిచి శాంతి చేయించిన తాతలకు మనవలం మనం. అదే గుడ్లగూబ ఇప్పుడు ఆకుపచ్చ రంగు పూసుకుని, భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్ బొమ్మగా ఫోన్లోకొచ్చి కూర్చుంది. దానికి కోపం రాకూడదని రాత్రి పదకొండు యాభై ఎనిమిదికి దుప్పట్లో దూరి బొటనవేలు ఆడిస్తున్నాం. ఆడించి ఊరుకుంటామా? "స్పానిష్, ఇవాళ్టికి 612 రోజులు" అని వాట్సాప్ స్టేటస్. కింద పదిమంది చప్పట్లు, ఇద్దరు దండాలు, ఒక పెద్దాయన మాత్రం "శుభం నాయనా, పెళ్ళెప్పుడు?" అని.

మండల దీక్ష 41 రోజులకే ముగుస్తుంది. అలాంటిది 612 రోజులు పట్టిన మహానుభావుల్ని తక్కువ చేసే ఉద్దేశం ఈ వ్యాసానికి ఎంతమాత్రం లేదు. దీక్షా నియమాలు లోకానికి తెలిస్తే చాలు. రోజుకు ఒక పాఠం, నాలుగైదు నిమిషాలు. తెర మీద చెల్లాచెదురుగా పడున్న మాటల్ని వేలితో నొక్కి వరసలో పెట్టాలి. ఒకరోజు మరిచిపోయినా దీక్షాభంగం లేదు. సంపాదించిన రత్నాలతో ముందే ఒక ఫ్రీజ్ కొనిపెట్టుకుంటే ఆ రోజు మాఫీ. ఇక అన్నిటికన్నా గొప్ప నియమం. యాప్ ఎప్పుడైనా పొరపాటున "ఈ వాక్యం పైకి అను" అని అడిగిందనుకోండి, కిందే ఒక బటన్ ఉంటుంది: "ఇప్పుడు మాట్లాడలేను". నొక్కితే పావుగంట పాటు నోరు తెరిచే పని తప్పుతుంది. పాఠం నాలుగు నిమిషాలు, మాఫీ పదిహేను నిమిషాలు! దానికి తోబుట్టువు ఇంకోటి, "ఇప్పుడు వినలేను". నోటికీ చెవికీ ఒకేసారి సెలవిచ్చి భాష నేర్పే విద్య ఇంతకుముందు ఏ గురుకులంలోనూ లేదు.

దీక్షాఫలం చూడాలంటే డాలస్ పక్కన ఫ్రిస్కో వెళ్ళాలి. జులై ఎండ. మన దీక్షాపరుడు పెరట్లో గచ్చు వేయిస్తున్నాడు. మేస్త్రీ మెక్సికో ఆయన. తోపుడుబండిలో సగం నీళ్ళతో కలిపిన కాంక్రీటు బిగుసుకుపోతుంటే ఖాళీ బకెట్ పట్టుకుని వచ్చి అడిగాడు: "దొందెస్తాలయావెదెలాగ్వా?" నీళ్ళ కొళాయి ఎక్కడుందని. ఎక్కడా ఆగకుండా, మనుషులు మాట్లాడుకున్నట్టే మాట్లాడాడు పాపం.

మనవాడికి చివరి "ఆగ్వా" ఒక్కటే చిక్కింది. ఆగ్వా అంటే నీళ్ళు, మూడోరోజు పాఠం. లోపలికి పరిగెత్తి గ్లాసు నీళ్ళలో ఐసు వేసి తెచ్చాడు. మేస్త్రీ మర్యాదస్తుడు. తాగి, "గ్రాసియాస్" అని, మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. ఇంకో గ్లాసు వచ్చింది. మూడోసారి కొబ్బరినీళ్ళ డబ్బా వచ్చింది. కాంక్రీటు వంక చూస్తూ అదీ తాగాడు. నాలుగోసారి ఆయనే మాటలు విడదీసి, చెవిటివాడికి చెప్పినట్టు, "లా... యావే..." అన్నాడు. యావే! తాళంచెవి! ఎనభయ్యో రోజు పాఠం! ఇంటి తాళాలొచ్చాయి, రెండు కార్ల తాళాలొచ్చాయి, పోస్టు డబ్బా తాళంచెవి వచ్చింది, చివరికి గరాజ్ రిమోట్ కూడా వచ్చింది. మెక్సికోలో నీళ్ళ కొళాయిని కూడా యావే అంటారన్నది దీక్షలో రాలేదు. ఈ హడావుడికి, విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చిన అత్తగారు బయటికొచ్చారు. ఆవిడకు స్పానిష్ రాదు, ఇంగ్లీషూ రాదు. ఆయన చేతిలో బకెట్ చూశారు, బండిలో సిమెంటు చూశారు. "ఇదిగో బాబూ, ఆ గోడ వెనకాల పంపుంది, పట్టుకెళ్ళు" అని తెలుగులోనే చెప్పి వేలు చూపించారు. "గ్రాసియాస్, సెన్యోరా!" అని ఆయన ఒకటే పరుగు.

అల్లుడుగారు ఆ రాత్రి 613 పూర్తి చేశారు.

ఇందులో అల్లుడి బుర్రకు వచ్చిన లోటేమీ లేదు. స్పానిష్‌లో మాట చివరి అచ్చూ, తర్వాతి మాట మొదటి అచ్చూ కలిసిపోతాయి. కాగితం మీద "దోందె ఎస్తా", నోట్లో "దొందెస్తా". సంధులు బట్టీపట్టి పదో తరగతి గట్టెక్కినవాళ్ళకు ఇదేం వింత? కానీ వేలితో నొక్కే మాటలు ఒక్కొక్కటీ విడిగానే పలుకుతాయి. కలిసిన మాట ఎన్నడూ విననివాడు దాన్ని విడదీసేదెలా?

మందు పైసా ఖర్చు లేనిది. రేడియో అంబులాంటే లాంటి పాడ్‌కాస్ట్‌కు ఆడియోతో పాటు రాతప్రతి కూడా ఉచితంగా దొరుకుతుంది. అందులోంచి పది సెకన్ల ముక్క తీసుకోవాలి. పది సెకన్లే, పది నిమిషాలు కాదు. రాత చూడకుండా మూడుసార్లు వినాలి. తర్వాత రాత చూస్తూ, అచ్చులు కలిసిన ప్రతిచోటా పెన్సిల్‌తో కింద ఒంపు గీయాలి. ఆ తర్వాత ఆడియోతో పాటే, గొంతెత్తి, అదే వేగంతో అనాలి. చివర ఫోన్లో రికార్డు చేసి రెండూ వెంటవెంటనే వినాలి. ఈ ఆఖరి మెట్టు దగ్గరే జనం పారిపోతారు, తమ గొంతు తాము వినలేక. పారిపోనివాడికి మెల్లగా చెవి తెరుచుకుంటుంది.

ఉచ్చారణ సంగతి చెప్పుకుంటే ఇంకా కడుపు మండుతుంది. మనవాళ్ళు కొనే పుస్తకాలన్నీ ఇంగ్లీషువాడి నాలుక కోసం రాసినవి. "ర్ర" పలకడానికి పేజీలకు పేజీలు కసరత్తు. గుర్రం, బుర్ర అనగలిగినవాడికి ఆ కసరత్తెందుకు? ప, త, క అనేటప్పుడు గాలి వదలకూడదని ఇంకో అధ్యాయం. మనం వదిలిందెప్పుడు? అయినా ఇంగ్లీషు అక్షరాలు కంటపడగానే, పిల్లిని చక్కగా "గాతో" అనగలిగే తెనాలి నాలుక "గాటో" అని వంకర్లు పోతుంది. వ్యాకరణమూ అంతే. "నాకు కాఫీ నచ్చుతుంది, నాకు పుస్తకాలు నచ్చుతాయి" అన్నప్పుడు క్రియ నచ్చిన వస్తువును బట్టి మారుతుంది కదా. స్పానిష్‌లోనూ అచ్చం అంతే: మే గుస్తా ఎల్ కఫే, మే గుస్తాన్ లోస్ లీబ్రోస్. తెలుగులో సిద్ధంగా ఉన్నదాన్ని పక్కనపెట్టి ముందు "ఐ లైక్" అనుకుని, ఆనక "యో గుస్తో" అని తప్పులో కాలేస్తాం.

ఉచితంగా మంచి కోర్సే లేదా అంటే ఉంది. లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వాళ్ళ స్పానిష్ ఆడియో, 90 పాఠాలు. అందులో గురువు "దీన్ని ఎలా అంటావు?" అని ఒక విద్యార్థిని అడుగుతాడు. ఆ విద్యార్థి నోరు తెరిచేలోపు పాజ్ నొక్కి మనం పైకి చెప్పాలి, అదే ఆ కోర్సు ప్రాణం. దీక్షాపరులు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడుపుతూ, ఒక్క పాజ్ లేకుండా 90 పాఠాలూ వింటారు. ఫలితంగా ఆడియోలో ఉన్న ఆ విద్యార్థికి స్పానిష్ బ్రహ్మాండంగా వచ్చేసింది.

గుర్తుంచుకోవడానికి ఆంకీ ఉంది, నేర్చుకున్నదాన్ని కార్డులుగా పెడితే మరిచిపోయే వేళకు మళ్ళీ అడిగే యాప్. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బులు. రోజుకు 20 కొత్త కార్డులని వాళ్ళే పెట్టి ఇస్తారు. దాన్ని 8కి దించండి. దించనివాడికి నెల తిరిగేసరికి రోజూ వందకు పైగా పాత కార్డులు తగులుకుంటాయి. సంక్రాంతికి ఊరెళ్ళి నాలుగు రోజులు ముట్టకపోతే గుట్ట పేరుకుని, ఐదోరోజున ఆంకీయే ఫోన్లోంచి మాయమవుతుంది. కార్డు మీద ఒంటి మాట వద్దు, ఆడియో ఉన్న పూర్తి వాక్యం పెట్టండి.

ఖర్చు పెట్టదలిస్తే ఒక్కచోటే పెట్టండి, మనిషితో మాట్లాడటానికి. ఆన్‌లైన్‌లో కొలంబియా, మెక్సికో నుంచి పాఠాలు చెప్పేవాళ్ళలో వృత్తి టీచర్ల కన్నా మామూలు ట్యూటర్లు చవక. బొగోటాలో రాత్రి 8 అయితే మనకు తెల్లారి 6:30. పాలవాడు వచ్చే వేళకు క్లాసు. పైసా పెట్టనంటారా, మన ఇంగ్లీషుకు వాళ్ళ స్పానిష్ మారకం. అరగంట అది, అరగంట ఇది, గడియారం ఎదురుగా పెట్టుకుని. గడియారం లేకపోతే పదో నిమిషానికి ఇద్దరూ ఇంగ్లీషులో పడతారు.

గుడ్లగూబ కాజేసేది మహా అయితే రాత్రి నిద్ర. దాన్ని నవ్వి వదిలేయొచ్చు. అమీర్‌పేట గోడల మీద "30 రోజుల్లో స్పానిష్, ఉద్యోగం గ్యారంటీ" అని అంటించేవాళ్ళను వదలబుద్ధి కాదు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు స్పానిష్ నేర్పడానికి వేసుకున్న లెక్క దాదాపు 700 క్లాసు గంటలు. 30 రోజులను 24తో హెచ్చవేస్తే 720. అంటే ప్రకటన అబద్ధం కాదు. నెలరోజులు నిద్ర, స్నానం, భోజనం మానేసి క్లాసులో కూర్చుంటే సరి!

కూర్చునేది ఎవరు? డిగ్రీ అయి రెండేళ్ళు ఖాళీగా ఉన్న పాలమూరు పిల్ల, తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన శ్రీకాకుళం పిల్లాడు. వాళ్ళ చేతిలో పెట్టేది ఏ1 స్థాయి కాగితం, అంటే ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో మొదటిది, అదీ ఆ సంస్థ సొంత ముద్రతో. స్పానిష్ వచ్చినవాళ్ళు కావాలనే కంపెనీలు మామూలుగా అడిగేది నాలుగో మెట్టు బీ2, ఐదో మెట్టు సీ1. ఇంటర్వ్యూ ఫోన్ చేసినవాడు స్పానిష్‌లో రెండో ప్రశ్న వేయగానే ఆ పిల్ల గొంతు ఎండిపోతుంది, తనకే తెలివి లేదనుకుంటుంది. తెలివి లేక కాదమ్మా, నిన్ను మోసం చేశారు. ఏ1కీ బీ2కీ మధ్య వందల గంటలున్నాయని వాళ్ళకు తెలుసు. తెలిసే దాచారు. అసలు పరీక్ష డెలె అనీ, దాన్ని 1991లో స్పెయిన్ ప్రభుత్వం పెట్టిన ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ నడుపుతుందనీ, దాని కేంద్రం ఢిల్లీలోనే ఉందనీ ఒక్క పాంప్లెట్‌లోనైనా రాశారా? ఆకలి మీద ఉన్నవాడికి ఖాళీ విస్తరి అమ్మడానికి సిగ్గుండాలి.

ఫీజు కట్టే ముందు కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కటి అడగండి. "మీ దగ్గర చదివి డెలె బీ2 పాసైనవాళ్ళ కాగితం ఒక్కటి చూపిస్తారా? లేదంటే మీ సార్‌ను బొగోటా మనిషితో ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడమనండి, మేం వింటాం."

సార్ మీటింగ్‌లో ఉంటారు.