నలభై దాటిన వాళ్ళని కూడా నర్సింగ్ చదవనివ్వండి

నేను నర్సింగ్‌లో చేరింది 42 ఏళ్ళకి. అంతకుముందు పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. డాలస్‌లో ఉంటాం. నాన్నకి పక్షవాతం వచ్చి మంచాన పడితే గుంటూరు వెళ్ళి మూడు నెలలున్నాను. తిరిగొచ్చాక మళ్ళీ ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబుద్ధి కాలేదు.

నర్సింగ్ చదువుతానంటే మావాళ్ళలో సగం మంది ముఖం మాడ్చుకున్నారు. "ఇంత చదువు చదివి, పరాయి వాళ్ళ మలమూత్రాలు ఎత్తుతావా?" అని పెద్దమ్మే అడిగింది. ఎత్తాను. ఇప్పుడూ ఎత్తుతున్నాను. ఇంట్లో కోడలు అదే పని ఏళ్ళ తరబడి జీతం లేకుండా చేస్తే ఎవరికీ నామోషీ అనిపించదు. అదే చదువుకుని, లైసెన్స్ తీసుకుని చేస్తే పరువు పోతుందా?

ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ పాసై, తర్వాత రెండేళ్ళు చదివాను. పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీదే చదువు. చివర్లో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. మన సంగతి తేలిపోయిందనుకుంటే కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. నాకు 85 దగ్గరే ఆగింది. పాసో ఫెయిలో తెలీక, ఆ టెన్షన్‌కి కార్లో కూర్చుని ఏడ్చాను. పాసయ్యాను. ఇంత దూరంలో ఎక్కడా నా వయసు అడ్డం రాలేదు. మా క్లాసులో 51 ఏళ్ళ ఆయన కూడా ఉన్నాడు.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి కాదు, మా వదిన గురించి చెప్పాలని.

నాన్నని నిజంగా చూసుకుంది వదినే. రెండేళ్ళు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పేది, రాత్రిళ్ళు అలారం పెట్టుకుని మరీ. నడుము దగ్గర, మడమల దగ్గర ఎర్రబడితే వేలితో నొక్కి వదిలి చూసేది. తెల్లబడి మళ్ళీ ఎరుపు వస్తే సరే. తెల్లబడకపోతే లోపల పుండు మొదలైనట్టే. నాకు ఇది కాలేజీలో చెప్పారు. వదినకి ఎవరూ చెప్పలేదు, చూసి చూసి తనే కనిపెట్టింది. నాన్న పోయేనాటికి ఒంటి మీద ఒక్క పుండు లేదు.

ఆ తర్వాత జీఎన్ఎం చేస్తానంది. మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా కోర్సు. దానికి బైపీసీయే ఉండాలని లేదు, వదిన ఇంటర్ సీఈసీ. కానీ వయసు 41. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 35 దాటితే చేరడానికి లేదు. కాలేజీ వాళ్ళు అప్లికేషన్ కూడా ఇవ్వలేదు.

ఎందుకు 35? నీట్‌కి ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. అంతకుముందే, 2020లో, ఒడిశాలో 64 ఏళ్ళ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఎంబీబీఎస్‌లో చేరాడు. దేశమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. మరి 64కి డాక్టర్ చదువు మొదలుపెట్టొచ్చుగానీ 41కి నర్సు చదువు మొదలుపెట్టకూడదా? అంతకన్నా చిన్న కోర్సు చేసి ఏఎన్ఎంగా పనిచేస్తున్న నర్సమ్మలు జీఎన్ఎంలో చేరితే వయసు పట్టింపు లేదని అదే కౌన్సిల్ అంటోంది. అంటే 35 దాటాక చదవలేరనీ, నిలబడి పనిచెయ్యలేరనీ వాళ్ళూ అనుకోవట్లేదు. మరి ఈ గీత ఎవరి కోసం?

చదివాక ఎన్నాళ్ళు చేస్తారులే అంటారు. ఆంధ్రాలో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ 62కి. వదిన 44కి బయటికొస్తే, ఆ లెక్కన పద్దెనిమిదేళ్ళు. ప్రైవేటులో ఇంకా ఎక్కువే చేస్తుందేమో. మంచాన పడ్డ మనిషిని చూసి బెదిరిపోని, అర్ధరాత్రి లేవడానికి విసుక్కోని మనిషి పద్దెనిమిదేళ్ళు దొరుకుతుంటే ఏ ఆస్పత్రి వద్దంటుంది? పిల్లలు పెద్దవాళ్ళై కాస్త తీరిక దొరికేదే మన ఆడవాళ్ళకి నలభై దగ్గర. సరిగ్గా అప్పటికి తలుపు మూసేస్తున్నారు.

వదిన ఇప్పుడు ఒక పెద్దావిడ దగ్గర కేర్‌టేకర్‌గా పన్నెండు గంటలు చేస్తోంది. చేసేది నేను చేసే పనిలో సగం, వచ్చేది నా జీతంలో పిసరంత. పోయిన వారం వాట్సాప్‌లో ఫొటో పెట్టింది, ఆవిడ మడమ. "నొక్కితే తెల్లబడట్లేదమ్మా" అని రాసింది. వెంటనే ఫోన్ చేసి, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చెయ్యమన్నాను.

"పొద్దున్నే పెట్టేశానమ్మా," అంది. "డాక్టరు గారికి ఏమని చెప్పాలో, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అడుగుదామని పంపించా."