‘మాజీ రాయబారి’ ఎనిమిది సూత్రాలు, నా అభ్యంతరాలు

విశాఖ శివాజీ పార్కులో ఉదయం నడిచేవాళ్ళ వాట్సాప్ బృందంలో వచ్చింది. మా అపార్ట్‌మెంటు బృందంలో వచ్చింది. కాలేజీ నాటి స్నేహితులు ఎవరికి వారు విడిగా పంపారు. ఒకటే సందేశం: ‘యుద్ధం జరుగుతున్న దేశాలకు అధికారిక పర్యటన – ఒక మాజీ రాయబారి చెప్పిన ఎనిమిది సూత్రాలు’. ఆ రాయబారి పేరేమిటో, ఏ దేశంలో పనిచేశారో ఎక్కడా లేదు. చివర మాత్రం మూడు జెండాలు, రెండు నమస్కారాలు ఉన్నాయి.

పండుగ శుభాకాంక్షల్లాగా చూసి వదిలేసేవాడినే. కానీ విశాఖలో ఇలాంటివి నిజంగా పాటించే అవకాశం ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. ఓడల్లో పనిచేసేవాళ్ళు, వ్యాపార ప్రతినిధి బృందాలతో వెళ్ళేవాళ్ళు, సహాయ సంస్థల ఉద్యోగులు వీధికొకరు దొరుకుతారు. మా నడక బృందంలోనే ఒకాయన కూతురు త్వరలో ఒక అధికారిక బృందంతో ఆఫ్రికా వెళ్తోంది. ఆయన ఈ సందేశాన్ని ప్రింటు తీయించి అమ్మాయి సూట్‌కేసులో పెట్టారట. విదేశాల్లోని మన కార్యాలయాల్లో కింది స్థాయిలో చాలాకాలం ఇలాంటి పర్యటనల ఏర్పాట్లే చూసినవాడిని. ఆ కాగితం ఆ సూట్‌కేసులో ఉందంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మొదటి సూత్రం: ‘మెరూన్ రంగు దౌత్య పాస్‌పోర్టు ఉన్నవారిని వియన్నా ఒప్పందం ప్రకారం ఏ దేశంలోనూ ఎవరూ తాకలేరు.’

1961 నాటి ఆ ఒప్పందంలో 29వ అధికరణం దౌత్యవేత్తను నిర్బంధించకూడదంటుంది, అతని మీద దాడి జరగకుండా ఆతిథ్య దేశం చూడాలంటుంది. ఆ హామీ ఇచ్చినవి ప్రభుత్వాలు. రోడ్డుకు అడ్డంగా దుంగ పడేసి తుపాకులు పట్టుకుని కూర్చున్న కుర్రాళ్ళు దాని మీద సంతకం పెట్టలేదు. పైగా ఆ రక్షణ పాస్‌పోర్టు అట్ట రంగు వల్ల రాదు. ఫలానా వ్యక్తి ఫలానా హోదాలో వస్తున్నారని ముందుగా తెలియజేసి, అవతలి ప్రభుత్వం ఒప్పుకున్నాక వస్తుంది. అదే ఒప్పందంలోని 26వ అధికరణం ప్రకారం, దేశ భద్రత పేరుతో నిషేధించిన ప్రాంతాలకు దౌత్యవేత్త కూడా వెళ్ళడానికి లేదు. సందేశం రాసినవారు అంతవరకు చదివినట్టు లేరు.

2008 జూలై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర కారు బాంబు పేలింది. అప్పుడే లోపలికి వస్తున్న కారులో ఉన్న బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా, కౌన్సిలర్ వి. వెంకటేశ్వరరావు చనిపోయారు. వెంకటేశ్వరరావు మన తెలుగువారే. మొత్తం యాభై మందికి పైగా మరణించారు, ఎక్కువమంది సామాన్య అఫ్ఘాన్ పౌరులు. హోదా, పాస్‌పోర్టు, కాపలా, సొంత కార్యాలయం గేటు, అన్నీ ఉండగానే జరిగింది అది. ‘ఎవరూ తాకలేరు’ అనే మాటను తెలుగులో రాసి, తెలుగువాళ్ళకే పంచుతున్నందుకు నాకు కోపం వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

రెండోది: ‘కారుకు జాతీయ జెండా కట్టండి, ఎవరూ కాల్చరు.’

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో పోరాటం మొదలైన రెండు మూడు రోజులకే అమెరికా దౌత్య సిబ్బంది వాహనాల మీద కాల్పులు జరిగాయి. ఆ వాహనాలకు దౌత్య నంబరు ప్లేట్లు ఉన్నాయి, అమెరికా జెండాలూ ఉన్నాయి. అదే రోజుల్లో యూరోపియన్ యూనియన్ రాయబారి మీద రాజధాని ఖార్టూమ్‌లోని ఆయన ఇంట్లోనే దాడి చేశారు. జెండాను చూసి భయపడేవాడు ఉంటాడు, పట్టించుకోనివాడు ఉంటాడు, దాన్ని చూసే గురిపెట్టేవాడూ ఉంటాడు. రోడ్డు మీద ఉన్నది ఎవరో తెలియకుండా జెండా కట్టడం జూదం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ నుంచి సరిహద్దులకు బయలుదేరిన మన విద్యార్థులకు, బస్సులకు కార్లకు త్రివర్ణ పతాకం స్పష్టంగా కనబడేట్టు అంటించుకోమని మన రాయబార కార్యాలయమే చెప్పింది. ఆ సలహా సరైనదే. అక్కడ తలపడుతున్నవి రెండు ప్రభుత్వాల సైన్యాలు. రెండింటితోనూ ఢిల్లీ ఫోన్లో మాట్లాడగలదు. చెక్‌పోస్టులో నిలబడ్డ సైనికుడికి పై అధికారి ఉన్నాడు, ఆ అధికారికి మన జెండా తెలుసు. కాబట్టి ఈ సూత్రాన్ని పూర్తిగా కొట్టేయను. ‘ఎక్కడ, ఎవరి ముందు’ అన్న రెండు మాటలు చేర్చితే చాలు. అవి చేర్చాక అది సూత్రంగా మిగలదనుకోండి.

మూడోది: ‘ఐక్యరాజ్యసమితి తెల్ల వాహనం దొరికితే ఇక నిశ్చింత.’ 2024 మే 13న గాజాలోని రఫాలో ఐక్యరాజ్యసమితి వాహనంలో ఆసుపత్రికి వెళ్తూ, ఆ సంస్థ భద్రతా విభాగంలోనే పనిచేస్తున్న మన మాజీ సైనికాధికారి ఒకరు మరణించారు. నిశ్చింత అనే మాట వాడేముందు ఆ వార్త ఒకసారి చదవవలసింది.

నాలుగోది: ‘రాహుకాలం చూసుకుని బయలుదేరండి.’

నవ్వుతానని అనుకున్నారు కదూ? ఎనిమిదింటిలో నాకు అభ్యంతరం లేనిది ఇదొక్కటే. ఇలాంటి ఊళ్ళలో రోజూ ఒకే వేళకు, ఒకే గేటు నుంచి, ఒకే దారిన ఆఫీసుకు వెళ్ళడం అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. కాపు కాసేవాడికి కావలసింది అదే. రాహుకాలం సోమవారం ఒక వేళ, మంగళవారం మరో వేళ. దాన్ని నిష్ఠగా పాటించేవాడు తనకు తెలియకుండానే బయలుదేరే సమయం మార్చుతూ ఉంటాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే వరస వస్తుందన్నది వేరే సంగతి, పంచాంగం కొన్నవాడు పట్టేస్తాడు.

ఐదోది రాత్రి ప్రయాణం. తిరుగుబాటుదారులు రాత్రిపూట నిద్రపోతారట. చెక్‌పోస్టు కాపలావాడు మాత్రం మేలుకునే ఉంటాడు. చీకట్లో మీ హెడ్‌లైట్లు తప్ప మీ ముఖం అతనికి కనబడదు. భయపడ్డవాడి వేలు తుపాకీ మీట మీదే ఉంటుంది. బండి చెడితే బాగుచేసేవాడు లేడు, గాయమైతే హెలికాప్టర్ రాదు, కర్ఫ్యూ ఉంటే మీరే నేరస్థులు. పొద్దు ఉండగానే చేరిపోయేట్టు లెక్క వేసుకోవడం, చేరలేమనిపిస్తే అసలు బయలుదేరకపోవడం ఈ పనిలో మొదటి పాఠం.

ఆరోది: ‘ఒక శాటిలైట్ ఫోను కొనుక్కుని బ్యాగులో వేసుకోండి.’ ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో అది దగ్గర ఉంచుకోవడమే నేరం. ఓడల మీద పనిచేసేవాళ్ళని అడగండి, తురాయా, ఇరిడియం అనే ఆ ఫోన్ల పేర్లు చెబితేనే ఉలిక్కిపడతారు. యుద్ధభూమి దాకా వెళ్ళనక్కర లేదు, విశాఖ విమానాశ్రయంలోనే మీ పర్యటన ముగుస్తుంది. వెళ్ళిన దేశంలోని మన కార్యాలయం అనుమతితో ఇచ్చే ఫోను వాడాలి, దాన్ని బయలుదేరే ముందు రోజే ఆరుబయట నిలబడి పరీక్షించాలి.

ఇక ఏడోది. నన్ను ఇంత రాయించింది ఇదే. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘మీ పేర్లు, దారి, వేళ ఎవరికీ ముందుగా ఇవ్వకండి. భద్రతాధికారులకు కూడా వద్దు. అనుమతులంటూ రోజులు గడిపేస్తారు. అవసరమైతే జాబితాలో వేరే పేర్లు వేసి పని కానివ్వండి. గోప్యతే రక్షణ.’

అయ్యా మాజీ రాయబారి గారూ, 2021 ఫిబ్రవరి 22న కాంగోలో ఏం జరిగిందో మీరు మరిచిపోయారా, అసలు వినలేదా?

ఆ రోజు ఇటలీ రాయబారి లూకా అట్టనాసియో గోమా నుంచి రుట్షురు వైపు బయలుదేరారు. ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమం బడిపిల్లలకు పెట్టే భోజనాన్ని చూడటానికి. రెండు వాహనాలు, కవచం లేనివి. వెంట సాయుధ దళం లేదు. ఎందుకంటే ఆ దారిలో రక్షక దళం లేకుండా వెళ్ళవచ్చని అంతకుముందే తేల్చారు. దారిలో సాయుధులు ఆపారు. డ్రైవరు ముస్తఫా మిలాంబో, అంగరక్షకుడు విత్తోరియో ఇయకోవాచి, రాయబారి, ముగ్గురూ చనిపోయారు.

తరువాత ఇటలీ ప్రాసిక్యూటర్ల ఆరోపణ ఏమిటో తెలుసా? ప్రయాణ అనుమతికి 72 గంటల ముందు దరఖాస్తు చేయాలి. ఆ గడువు దాటిపోయింది. అందుకని దరఖాస్తులో రాయబారి పేరు, అంగరక్షకుడి పేరు బదులు ఆ ఆహార కార్యక్రమం ఉద్యోగుల పేర్లు వేశారట. ‘వేరే పేర్లు వేసి పని కానివ్వండి’ అన్నది అక్షరాలా ఇదే కదా!

అది నేరమని ఏ కోర్టులోనూ తేలలేదు, నిజమే. ఎందుకు తేలలేదో చూడండి. అభియోగం ఎదుర్కొన్న ఇద్దరు ఉద్యోగులకు దౌత్య రక్షణ ఉన్నందువల్ల విచారణ సాధ్యం కాదని 2024 ఫిబ్రవరిలో రోమ్‌లోని న్యాయమూర్తి చెప్పారు. మొదటి సూత్రంలో మీరు పొగిడిన లాంటి రక్షణే రోమ్ కోర్టు గదిలో చక్కగా పనిచేసింది. గోమా రోడ్డు మీద రాయబారికి పనిచేయలేదు. అది దేనికి పుట్టిందో దానికే పనికొస్తుంది.

జాబితాలో పేరు మారితే ఏమవుతుందని అడిగే అమాయకులకు చెబుతున్నాను. ఇద్దరు మామూలు ఉద్యోగులు వెళ్తున్నారంటే భద్రతాధికారి వేసే లెక్క ఒకటి, ఒక దేశపు రాయబారి వెళ్తున్నారంటే వేసే లెక్క మరొకటి. బుల్లెట్ ప్రూఫ్ వాహనం, ముందొక బండి వెనకొక బండి, దారిలో ఆగదగ్గ చోట్లు, దగ్గరి ఆసుపత్రి, ఎవరి రక్తం ఏ గ్రూపు, ప్రతి మజిలీలో ఫోను చేయవలసిన వేళ, ఆ ఫోను రాకపోతే ఎంతసేపటికి వెతకడం మొదలుపెట్టాలి అన్నది, అన్నీ ఆ పేర్ల నుంచే మొదలవుతాయి. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. ‘ఈ రోజు వద్దు’ అని చెప్పే అధికారం ఉన్న మనిషి ఒకడు ఆ కాగితం చూస్తాడు. తప్పుడు పేర్లు రాస్తే మోసపోయేది అతనే. అతని నోరు ముందే నొక్కేసి బయలుదేరడాన్ని గోప్యత అంటున్నారు మీరు.

అనుమతులు విసిగిస్తాయి, నాకు తెలియనిది కాదు. మంత్రిగారి అపాయింట్‌మెంటు పోతుందని, ఢిల్లీ నుంచి వచ్చినవారు చిన్నబుచ్చుకుంటారని నా మీద అరిచినవాళ్ళు ఉన్నారు. అరవనివ్వాలి.

గోప్యతకు చోటు లేదని కాదు. హోటల్ కౌంటరులో రేపటి కార్యక్రమం చెప్పకూడదు. డ్రైవరుకు గమ్యం బయలుదేరే ముందు చెబితే చాలు. ఫేస్‌బుక్‌లో ఫొటోలు తిరిగి వచ్చాక పెట్టుకోవచ్చు. తమాషా ఏమిటంటే, ఇదే సందేశం కింద ఒకరు ‘కుటుంబ బృందంలో లైవ్ లొకేషన్ పెట్టండి’ అని చేర్చారు, దానికి నలభై బొటనవేళ్ళు. భద్రతాధికారికి చెప్పకూడదు, పెదనాన్న గారి బావమరిదికి మాత్రం నిమిష నిమిషానికీ తెలియాలి!

ఎనిమిదోది మనవాళ్ళకు బాగా నచ్చినది: ‘ఏదైనా అయితే మన నౌకాదళం వచ్చి తీసుకుపోతుంది.’

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ముందు నిలబడి పెరిగిన ఊరు మనది, ఆ గర్వం నాకూ ఉంది. 2023లో మనవాళ్ళను వెనక్కి తెచ్చే ఆపరేషన్ కావేరి మొదలైనప్పుడు సూడాన్ నుంచి తొలి విడతగా 278 మందిని జెడ్డాకు చేర్చింది తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ సుమేధ. కానీ ఓడ ఆగింది పోర్ట్ సూడాన్‌లో. మనవాళ్ళలో చాలామంది ఇరుక్కున్నది ఖార్టూమ్‌లో. మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఎడారి రోడ్డు, విమానాశ్రయం మూత. మన రాయబార కార్యాలయం ఉన్న ప్రాంతంలోనే కాల్పులు. ఆ రోడ్డంతా బస్సుల్లో దాటాకే ఓడ కనబడింది.

ఆ బస్సుల్లోకి మనుషులు ఎలా చేరారంటారు? కాల్పుల మధ్యనే మూడు వేల మందికి పైగా భారతీయులు మన కార్యాలయం దగ్గర ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకున్నారు. ఎవరు, ఎక్కడ, ఏ ఫోనులో దొరుకుతారు అన్నది తెలిసింది వాళ్ళు చెప్పుకున్నందువల్లే. ఏడో సూత్రం పాటించి పేరు దాచుకున్నవారిని ఎనిమిదో సూత్రంలోని ఓడ ఎలా వెతుక్కుంటూ వస్తుందో ఆ మాజీ రాయబారి గారే తొమ్మిదో సూత్రంగా రాసి పంపాలి. ఈలోగా ఆ అమ్మాయి సూట్‌కేసులోంచి కాగితం తీసేయించే పని నేను చూసుకుంటాను.