లెన్స్ మూత తీయకుండానే మీటరు పోయిందన్నాడు సామీ!

పొద్దున మా కడపలో ఏడు రోడ్ల కూడలి పక్కన ఒక కెమెరా షాపుకు పోయొచ్చా. సాయంత్రమైనా మంట చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

మా మామ కువైట్ నుంచి తెచ్చిన మినోల్టా ఎస్ఆర్‌టీ 101 అనే పాత రీలు కెమెరా నా దగ్గరుంది. అరచేతిలో పెడితే చెయ్యి కిందికి దిగుతుంది, అంత బరువు. షట్టరు 1/1000 సెకను దాకా ఇప్పటికీ టక్కున కొడుతుంది. దానికి సెల్లుతో పనే లేదు, అంతా స్ప్రింగులు, పళ్ల చక్రాలు. వెలుతురు ఎంతుందో కొలిచే లైట్ మీటరు ముల్లు మాత్రం కదలడం లేదు. అడుగున వైరు ఊడి ఉంటే టంకం పెట్టించుకుందామని తీసుకెళ్లా.

షాపాయన ఒక చేత్తో ఫోన్‌లో ఏదో చూసుకుంటూ ఇంకో చేత్తో కెమెరా అందుకున్నాడు. లెన్స్‌కు మూత ఉంది. ఆ మూతతోనే కంటికి పెట్టుకుని, ‘మీటరు పోయింది సార్’ అన్నాడు.

‘మూత ఉంది కదన్నా, వెలుతురు లోపలికి పోకుండా ముల్లెట్లా లేస్తుంది?’ అంటే నావైపు జాలిగా చూశాడు. ‘ఇవన్నీ ఇప్పుడెవరు వాడతారు సార్, షోకేసులో పెట్టుకోండి’ అన్నాడు. అక్కడితో ఆపినా ఊరుకునేవాణ్ణి. ‘పోనీ అమ్ముతారా? ప్రీవెడ్డింగ్ షూట్‌లకు బాగుంటుంది’ అన్నాడు!

ఈ ప్రీవెడ్డింగ్ సంగతి ఎత్తారంటే నాకు తిక్క రేగుతుంది. గండికోటకు ఎప్పుడైనా పోయి చూడండి. పెన్న లోయ అంచున అమ్మాయి మూరల కొద్దీ గౌను జారవిడిచి నిలబడుతుంది, అబ్బాయి మెడలో ఒక పాత కెమెరా వేలాడుతుంటుంది. దాంట్లో రీలుండదు, సెల్లుండదు, కొన్నింటికి లెన్సు కూడా ఉండదు. అబ్బాయి దాన్ని కంటికి పెట్టుకుని అమ్మాయిని తీస్తున్నట్టు నటిస్తుంటాడు, ఆ నటనను డ్రోను తీస్తుంటుంది. ఆ రాళ్ల మీద మధ్యాహ్నం కాసే ఎండ ఎంతో, దానికి ఏ స్పీడు పెట్టాలో ఒక్కరికీ పట్టదు. అబ్బాయి మెడలో గొలుసు ఎట్లాగో కెమెరా కూడా అట్లాగే, సొమ్ము. మామ చెమటోడ్చి తెచ్చిన వస్తువును ఆ పనికి అమ్మాలంట నేను.

సరే, మీటరు సంగతికొస్తా. అక్కడి నుంచి నేరుగా మా వీధి టీవీ మెకానిక్ దగ్గరికి పోయా. ఆయన జన్మలో ఇట్లాంటి కెమెరా విప్పలేదు, ఆ మాట ఆయనే చెప్పాడు. అయినా రూపాయి బిళ్లతో అడుగున సెల్లు మూత తిప్పి చూశాడు. లోపలంతా పచ్చగా చిలుము. ఎవరి పుణ్యమో చెప్పాలా? మా బావే. ఎప్పుడో వాచీల షాపులో ఎల్ఆర్44 అనే ఆల్కలైన్ సెల్లు వేయించి, అది వదులుగా ఉందని సిగరెట్ పెట్టె రేకు మడిచి కుక్కి, అట్లాగే బీరువాలో పడేశాడు. ఆల్కలైన్ సెల్లును ఏళ్ల తరబడి వదిలేస్తే అది కారి, ఇత్తడినీ రాగినీ తినేస్తుంది. మెకానిక్ దూది పుల్లకు నిమ్మరసం అద్ది తుడిచాడు, పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు, ఆఖర్న స్పిరిట్ పెట్టాడు. అడుగు రేకు స్క్రూలు విప్పి, ఒక సెల్లు పెట్టి, వైరుకు మల్టీమీటరు ఆనించాడు. ఈ కొసన ఓల్టేజీ ఉంది, ఆ కొసన లేదు. తొడుగు లోపల రాగి తీగ నల్లగా పొడైపోయింది. జానెడు కూడా లేని కొత్త వైరు ముక్కకు టంకం పెట్టాడు. అంతే. కెమెరాలు అమ్మే ఆయనకు కనబడని జబ్బు టీవీలు బాగుచేసే ఆయనకు ఎట్లా కనబడిందంటే, ఆయన మూత తీసి చూశాడు కాబట్టి.

ఇంక సెల్లు. ఈ కెమెరాను 1.35 ఓల్టుల పాదరసం సెల్లుకు లెక్కగట్టి చేశారు, పీఎక్స్625 అంటారు దాన్ని. పాదరసం విషం కాబట్టి ఆ సెల్లు ఇప్పుడు దొరకదు. అమెరికా 1996లోనే ఆపేసింది, 2013లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం కూడా రాసుకున్నాయి. ఆ ఒప్పందానికి మినమాటా పేరు పెట్టారు. పాదరసం కలిసిన చేపలు తిని జనం కాళ్లూ చేతులూ పడిపోయిన జపాన్ ఊరది. కాబట్టి ఆపడం న్యాయమే, దాని మీద నాకు కోపం లేదు. నా కోపమంతా వాచీల షాపుల మీద. ‘1.35 కావాలన్నా’ అంటే, ‘ఇది 1.5 సార్, ఇంకా ఎక్కువే, మంచిదే కదా’ అంటారు. ఎక్కువైతే మంచిదవ్వడానికి ఇదేమన్నా పెళ్లి కట్నమా? ఓల్టేజీ ఎక్కువైతే ముల్లు ఎక్కువ లేస్తుంది, లేని వెలుతురు ఉన్నట్టు చూపిస్తుంది. మనం నమ్మి తీస్తాం, ఫోటో చీకటి పడుతుంది. రీలు ధర ఇప్పుడు చూశారా? కడిగించడానికి బెంగళూరుకు కొరియర్ చేయాలి. అన్నీ అయ్యాక నెగిటివ్ మీద మొహాలుండవు.

నేను చెవి మిషన్‌కు వేసే 675 సెల్లు వేశా, 1.4 ఓల్టులు. వెనక స్టిక్కరు పీకి కాసేపు గాలి తగలనివ్వాలి, అప్పుడే పనిచేస్తుంది. సైజు చిన్నది కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు పెట్టాలి. మిట్టమధ్యాహ్నం మేడ మీద ఎండలో పెట్టి చూశా. రీలు స్పీడు ఏఎస్ఏ 100 పెడితే, లెన్సు కన్నం ఎఫ్16 దగ్గర షట్టరు 1/125 సెకను చూపించాలి, ముల్లు సరిగ్గా అక్కడికే వచ్చింది. కడప ఎండ అబద్ధం చెప్పదు, షాపాయన చెబుతాడు.

ఇంత కోపమెందుకంటే, ఇది ఈరోజుది కాదు. ఈయన మాట వింటుంటే నాకు ఇంకో స్టూడియో ఆయన గుర్తొచ్చాడు. మా జేజి చనిపోయినప్పుడు పెద్ద ఫోటో కావాల్సి వచ్చింది. ఆమెకున్న ఒకే ఒక్క కలర్ ఫోటో మా చిన్నాయన పెళ్లిలో ఆ స్టూడియో వాళ్లే తీశారు. పట్టుచీర, ముక్కుకు బేసరి, ఎవరో ఏదో అన్నారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటుంది. ఇంట్లో ఉన్న కాపీకి చెద పట్టింది, నెగిటివ్ ఉంటుంది కదా అని పరిగెత్తా. ‘అవన్నీ ఎప్పుడో పాత సామాన్లోడికి వేసేశాం’ అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా. కనీసం వెతికినట్టు నటించలేదు. ఊరి పెళ్లిళ్లన్నీ, చచ్చిపోయినోళ్ల మొహాలన్నీ కిలోల లెక్కన తూకం వేసి అమ్మాడంట, అదీ డిజిటల్ కెమెరాకు చోటు చాలడం లేదని! ఒక్కమాట చెబితే ఎవరి కవరు వాళ్లు తీసుకుపోయేవాళ్లం కదా? కాపీలకు అన్నేళ్లు డబ్బులు తీసుకున్నావే, ఒక్క ఫోన్ చేయడానికి చేతులు రాలేదా?

ఆఖరికి మా జేజి ఆధార్ ఫోటో పెద్దది చేయించి దండేశాం. ఎవరినో కొట్టడానికి వచ్చినట్టుంటుంది దాంట్లో. అట్లాంటి మనిషే కాదు ఆమె.

ఆ స్టూడియోకు మొన్న కొత్త బోర్డు పడింది, ‘మీ జ్ఞాపకాలు మా దగ్గర పదిలం’ అని. కింద చిన్నక్షరాలతో, ప్రీవెడ్డింగ్ ప్యాకేజీలో పాత కెమెరా ఫ్రీ అంట.