సబ్‌పీనా వస్తే శాలువా తీసేస్తామా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో జరిగింది అందరూ చూశారు, ఎవరూ నోరు విప్పలేదు. అందుకే నేను రాస్తున్నాను. గ్రాండ్ స్పాన్సర్ల బ్యానర్లో పై వరసలో ఉన్న ఒక డాక్టరు గారి ఫొటో మీద, ప్రోగ్రాం మొదలయ్యే ముందు ఎవరో తెల్ల కాగితం అంటించారు. హడావిడిలో కొలత చూసుకోలేదేమో, ఒక చెవీ టై ముడీ బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన కుటుంబం కూర్చున్న టేబుల్ దగ్గర మిగతా కుర్చీలన్నీ ఖాళీ. పంచాంగ శ్రవణంలో పంతులు గారు రాజపూజ్యం, అవమానం లెక్కలు చదువుతుంటే వెనక వరసల్లో కిసుక్కున నవ్వులు. ఆయన భార్య తల దించుకుని ఉగాది పచ్చడి కప్పులో స్పూను తిప్పుతూ కూర్చుంది.

కారణం మీకు తెలిసిందే. ఆయన క్లినిక్‌కి ఫెడరల్ ఏజెంట్లు వచ్చి అట్టపెట్టెలు మోసుకెళ్లడం లోకల్ టీవీలో వచ్చింది. నేను ఇది రాసే నాటికి ఆయన మీద ఇండైట్‌మెంట్, అంటే కోర్టులో నేరాభియోగం, లేదు, సివిల్ దావా కూడా బయటికి రాలేదు. "సంఘం పేరు పోతుందండీ" అన్నారు సంఘం కార్యవర్గంలో ఒక పెద్దాయన. అదే హాల్లో, లాబీలో, హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీ-లాంచ్ ప్లాట్లు అమ్మే స్టాళ్లు వరసగా ఉన్నాయి. రెరా నంబరు, అంటే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతండీ అని వాళ్లని అడిగిన వాళ్లు నాకైతే కనిపించలేదు.

మన బుర్రల్లో ఏసీబీ దాడి బొమ్మ ఒకటి ముద్రపడిపోయింది. బల్ల మీద పరిచిన నోట్ల కట్టలు, బంగారం, పక్కన తల వంచుకుని నిలబడ్డ ఆఫీసరు. ఆ రోజే తీర్పు అయిపోతుంది. కేసు ఏళ్ల తర్వాత కొట్టేసినా ఏ టీవీ చూపించదు. ఆ అలవాటునే సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాం.

నేను చాలా ఏళ్లుగా డాక్టర్ల ఆఫీసుల్లో బిల్లింగ్, కంప్లయన్స్ (రూల్స్ పాటిస్తున్నారా లేదా అన్నది) చూస్తున్నాను. లాయర్ని కాదు. కానీ ప్రభుత్వం నుంచి కాగితం వచ్చిన రోజున ఆఫీసులో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూశాను. అన్ని కాగితాలూ ఒకటి కావు. సబ్‌పీనా అంటే ఫలానా రికార్డులు ఇవ్వమని. సివిల్ ఇన్వెస్టిగేటివ్ డిమాండ్ అంటే దావా వేయాలా వద్దా అని న్యాయశాఖ తేల్చుకునే ముందు అడిగే ప్రశ్నలు, పత్రాలు. సెర్చ్ వారెంట్ కాస్త బరువైనది, దానికి జడ్జి సంతకం కావాలి. అది కూడా సోదాకు అనుమతే, నేరం రుజువైందని కాదు. అసలు ఒక మనిషి ఆ దర్యాప్తులో సాక్షా, అనుమానితుడా, గురి పెట్టింది అతని మీదేనా అన్నది కూడా లాయరు ఫోన్ చేసి అడిగితే గానీ తెలియదు.

ఇక్కడి డాక్టర్ల మీద ఎక్కువగా వాడేది ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్, ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పంపే వాళ్ల మీద చట్టం. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం 1863లో చేసిన చట్టం. నష్టానికి మూడు రెట్లు కట్టాలి, ఆపైన ఒక్కో క్లెయిముకి, అంటే ఒక్కో బిల్లుకి, విడిగా జరిమానా. 2025 లెక్క ప్రకారం ఆ జరిమానా కనీసం 14,308 డాలర్లు. ఆఫీసు విజిట్‌కి 99213 అనే బిల్లింగ్ కోడ్ వేయాల్సిన చోట దానికి పై మెట్టు 99214 వేస్తే మెడికేర్‌లో (ముఖ్యంగా పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) వచ్చే తేడా నలభై డాలర్లకు అటూ ఇటూ. ఏడాదికి వేల విజిట్లు చూసే డాక్టరు ఈ గుణకారం ఒకసారి చేసుకుంటే చాలు, తన వైపు న్యాయం ఉందని తెలిసినా రాజీకే మొగ్గు చూపుతాడు. చట్టం మాత్రం ఒట్టి పొరపాటుని పట్టుకోదు. తెలిసి చేశాడా, తెలుసుకోకుండా కావాలని కళ్లు మూసుకున్నాడా, నిజమో కాదో బొత్తిగా లెక్కచేయకుండా ఉన్నాడా అని చూస్తుంది. బిల్లు పంపిన నాడు ఆ మనిషి నిజంగా ఏమనుకున్నాడన్నదే ముఖ్యమని 2023లో సూపర్‌వాల్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మత్తు మందుల ప్రిస్క్రిప్షన్ల విషయంలో 2022లో రువాన్ కేసులోనూ డాక్టరు మనసులో ఏముందో ప్రభుత్వమే రుజువు చేయాలంది. అంటే మొత్తం తగువు ఒక మనిషి ఉద్దేశం గురించి. దాన్ని తేల్చడానికి కోర్టులకే ఏళ్లు పడుతుంటే మన కల్చరల్ కమిటీ ఒక్క సాయంత్రంలో తేల్చేసింది.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. కోవిడ్‌కి ముందు సంగతి. ఆ డాక్టరు గారి పేరు, ఊరు వద్దు. పొద్దున్నే ఇద్దరు ఏజెంట్లు కార్డులు పట్టుకుని ఫ్రంట్ డెస్క్ దగ్గరికి వచ్చారు. "మనమేం తప్పు చేయలేదు కదమ్మా, దాచడానికేముంది" అని డాక్టరు గారు వాళ్లని తన గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఆయన భార్య, మేమంతా అక్కయ్య అని పిలిచేవాళ్లం, ఇంటి నుంచి తెచ్చిన జంతికలు ప్లేట్లో పెట్టి, కాఫీ కలిపి ఇచ్చింది. జంతికలు వాళ్లు ముట్టలేదు. కాఫీ ఒకాయన రెండు గుక్కలు తాగాడు. రెండో ఆయన రాసుకుంటూనే ఉన్నాడు. మీ పేరు మీద బిల్లు వెళ్లే పేషంట్ల సంగతి ఎవరు చూస్తారని అడిగారు. "అన్నీ నేనే చూసుకుంటాను. నేను ఆఫీసులో లేకుండా ఏదీ జరగదు" అన్నారు ఈయన, ఇంటి పెద్ద చెప్పినట్టు, గర్వంగా.

ఆయన ఏటా సంక్రాంతికి భీమవరం వెళ్తారు. మూడు వారాలు కోడిపందేలు, పెళ్లిళ్లు, పొలం పనులు. ఆ రోజుల్లో నర్సు ప్రాక్టీషనర్ (పేషంట్లని తనే చూసి మందులు రాయగల సీనియర్ నర్సు) చూసిన మెడికేర్ పేషంట్ల బిల్లులు కూడా ఆయన పేరు మీదే వెళ్లాయి. నర్సు ప్రాక్టీషనర్ పేరు మీద వెళ్తే డాక్టరు రేటులో 85 శాతమే వస్తుంది. డాక్టరు పేరు మీద నూటికి నూరు రావాలంటే అప్పటి రూలు ప్రకారం ఆయన ఆ ఆఫీసులోనే ఉండాలి. ఆయన దేశంలోనే లేరు, ఆ ప్రయాణాల వివరాలు ఏజెంట్ల ఫైల్లో అప్పటికే ఉన్నాయి. తేడా పదిహేను శాతం. గర్వంగా అన్న ఆ ఒక్క మాట దానికన్నా ఖరీదైనది. ప్రమాణం చేయించకపోయినా సరే, ఫెడరల్ ఏజెంటుకి తెలిసి అబద్ధం చెప్తే ఐదేళ్ల వరకు జైలు పడే నేరం.

ఆ రాత్రి వాళ్లింట్లో బంధువుల సభ. "మన వీసాల లాయరున్నాడుగా, ఆయన్నే అడుగుదాం" అన్నారొకరు. బావమరిది గారు ఐటీలో పెద్ద పొజిషన్. "ఆ చార్టుల్లో సూపర్‌వైజర్ పేరు మార్చేద్దాం బావా, రెండు గంటల పని" అన్నారు. ఏ చార్టుని ఎవరు ఏ నిమిషంలో తెరిచి ఏం మార్చారో సిస్టమ్‌లో లాగ్ ఉంటుందని ఐటీ మనిషికి వేరే చెప్పాలా! దర్యాప్తుకి అడ్డం పడాలని రికార్డు మారిస్తే ఇరవై ఏళ్ల దాకా పడుతుంది. అక్కయ్య ఒక్కతే కాస్త నిదానంగా ఆలోచించింది. ఇలాంటి కేసులే చూసే లాయర్ని మర్నాడు పొద్దునకల్లా పట్టుకుంది.

ఆ లాయరు చేసిన పని చూశాక దర్యాప్తులో డిఫెన్స్ అంటే ఏమిటో నాకు అర్థమైంది. ముందు ఒక్క కాగితం, ఒక్క మెసేజ్ కూడా చెరపకూడదని అందరికీ రాతపూర్వకంగా చెప్పాడు. ఆ అందరిలో హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ చేసే కోడింగ్ టీమ్, అంటే చార్టులు చూసి బిల్లు కోడ్‌లు వేసే వాళ్లు, కూడా ఉంది. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని కొత్తగా చేరిన పిల్లల ఫోన్లలోని వాట్సాప్ కూడా సాక్ష్యమే. తర్వాత, బయటి ఆడిటర్ని డాక్టరు కాకుండా తనే నియమించుకున్నాడు, ఆ రిపోర్టుకి లాయరు-క్లయింటు గోప్యత వర్తించేలా. డాక్టరు గారు ఊళ్లో లేని రోజుల చార్టులు ఒక్కొక్కటీ తీయించాడు. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు నుంచీ సూపర్‌వైజర్ గడిలో డాక్టరు పేరు దానంతట అదే పడుతోందని, ఎవరూ చేత్తో వేసింది కాదని తేలింది. ఏజెంట్లకి చెప్పిన మాటని సరిచేస్తూ లెటరు వెళ్లింది. చివరికి సివిల్ రాజీ. తేడా సొమ్ముకి సుమారు రెట్టింపు కట్టారు, లైసెన్స్ మిగిలింది, మెడికేర్ నుంచి బహిష్కరణ లేదు. తప్పే లేదని ఎవరూ వాదించలేదు. ఎంత తప్పో అంతకే తేలింది.

మన వ్యాపారాల వాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. హైదరాబాద్ ఫార్మా ప్లాంటుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చే ఫామ్ 483 అంటే ఇన్‌స్పెక్టర్ల అభ్యంతరాల జాబితా. పదిహేను పనిదినాల్లో జవాబిస్తే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఈలోగా మన గ్రూపుల్లో కంపెనీ మూతపడిపోయినట్టే మాట్లాడతారు. ఇంకో పక్క, మన దేశంలో పర్మిషన్ల కోసం చేయి తడపడం మామూలేనని ఇక్కడ కూర్చుని కూడా సర్దిచెప్పుకునే వాళ్లున్నారు. ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ సంగతి గుర్తుందా? చెన్నై క్యాంపస్ ప్లానింగ్ అనుమతి కోసం 20 లక్షల డాలర్ల లంచం ఆరోపణ. కంపెనీ తనంతట తాను చెప్పుకుంది కాబట్టి న్యాయశాఖ కంపెనీని ప్రాసిక్యూట్ చేయలేదు, 2019లో 2.5 కోట్ల డాలర్లతో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీతో రాజీ పడింది. ఇద్దరు మాజీ అధికారుల మీద కేసు మాత్రం ఆరేళ్లు నడిచి, 2025లో ప్రభుత్వమే వద్దనుకోవడంతో ముగిసింది. అప్పటికి విధానం మారింది కాబట్టి వద్దనుకున్నారు, దాన్ని నిర్దోషిత్వం అనలేం. కానీ ఆ ఆరేళ్లు తీర్పు లేకుండా బతికిన కుటుంబాల గురించి ఆలోచించండి.

దొంగలు లేరని నేననడం లేదు. 2025 జూన్‌లో అమెరికా అంతటా ఒకేసారి 324 మంది మీద ఆరోగ్య బీమా మోసం కేసులు పెట్టారు, అందులో 96 మంది లైసెన్సున్న వైద్యవృత్తి వాళ్లే. ఎన్నడూ చూడని పేషంటుకి బిల్లు పంపిన వాడికి మన స్టేజీ ఎక్కే అర్హత లేదు. శిక్ష పడ్డాక, లేదా ప్రభుత్వ బహిష్కరణ జాబితాలో పేరు ఎక్కాక తీసేయండి, చప్పట్లు కొడతాను.

కాగితం అంటించడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది భోజనాల దగ్గర నడిచిన గుసగుసలు. "ఎవరు పట్టించారో తెలుసా? పాత ఆఫీస్ మేనేజరే, ఫలానా వాళ్ల కోడలు" అని. విజిల్ బ్లోయర్ దావాలు, అంటే లోపలి మోసాన్ని బయటపెట్టే వాళ్లు ప్రభుత్వం తరఫున వేసేవి, మొదట్లో కోర్టులో సీల్ కింద రహస్యంగా ఉంటాయి, అసలు దావా ఉందో లేదో డాక్టరుకే తెలియదు. ప్రభుత్వానికి రాబట్టిన సొమ్ములో 15 నుంచి 30 శాతం వాళ్లకి వస్తుంది, నిజమే. కానీ ఆ ఏర్పాటు చట్టమే చేసింది. ఉద్యోగిని వేధిస్తే అదే ఇంకో కేసు. ఆ అమ్మాయి కూడా మన సభ్యురాలే. పులిహోర గిన్నె ముందు నిలబడి ఇద్దరి పరువూ తీశాం.

2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ (వీసా మోసాలు పట్టడానికి ఇమిగ్రేషన్ వాళ్లే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ) వ్యవహారంలో మన పిల్లలు నిర్బంధంలోకి వెళ్లినప్పుడు తెలుగు సంఘాలు ఏం చేశాయో గుర్తు తెచ్చుకోండి. లాయర్లని పట్టుకున్నాయి, వెబినార్లు పెట్టాయి. ముందు మనవాళ్లని కాపాడుకుందాం, తప్పొప్పులు తర్వాత అన్నాం. డాక్టరు డబ్బున్నవాడు కదా అని ఆయనకి అది అక్కర్లేదనుకుంటున్నాం. మెడికేర్ పేమెంట్లు ఆపేయడానికి నమ్మదగ్గ ఆరోపణ చాలు, తీర్పు అక్కర్లేదు. అలా ఆగిన క్లినిక్‌లో ముందు ఆగేది రిసెప్షనిస్టు జీతం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బైలాస్‌లో ఒక్క వాక్యం చేర్చండి: దర్యాప్తు కారణంగా సభ్యుల పేరుగానీ, ఫొటోగానీ, ఆహ్వానంగానీ తొలగించరాదని. సబ్‌పీనా వచ్చిన రాత్రి ఫోన్ చేయడానికి ఇలాంటి కేసులు చూసే నలుగురు లాయర్ల పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టండి, వీసాల లాయర్లవి కాదు. వచ్చే జనరల్ బాడీలో ఈ తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. బలపరచడానికి ఒకరు కావాలి. ఆ రోజు ఆ టేబుల్ వైపు వెళ్లాలనిపించి కూడా వెళ్లలేకపోయిన వాళ్లలో ఎవరైనా ముందుకొస్తే చాలు.