సవరణ: పడవ లంగరు గొలుసును పైకి లాగే విండ్‌లాస్ మోటార్ కాలిపోలేదు

బటన్ నొక్కితే రిలే (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) టిక్కుమంటోంది కానీ లంగరు గొలుసు కదలట్లేదు, కాబట్టి విండ్‌లాస్ మోటార్ పోయినట్టేనని మొన్న రాశాను కదా, అది తప్పు. బటన్ నొక్కకుండానే మీటర్ పెట్టి, 12.6 వోల్టులు చూసి, కరెంటు బాగానే అందుతోందనుకున్నాను. లోడ్ లేనప్పుడు, అంటే మోటార్ కరెంటు లాగనప్పుడు, కేబుల్లో ఒక్క తీగపోగు ఆనుకుని ఉన్నా మీటర్ నిండుగానే చూపిస్తుంది, ఆ సంగతి తెలిసి కూడా బోల్తా పడ్డాను. నిన్న ఇంకొకరు బటన్ నొక్కి పట్టుకుంటే మోటార్ టెర్మినల్స్ మీదే కొలిచాను: 7 వోల్టులు! నెగెటివ్ కేబుల్ చివర లగ్ (కేబుల్‌ని టెర్మినల్‌కి బిగించే లోహపు కొన) దగ్గర తొడుగు కోస్తే లోపల రాగి పచ్చగా మారి పిండిలా రాలింది. పాడైన ముక్క కత్తిరించి కొత్త లగ్ వేశాక గొలుసు గడగడా పైకొచ్చేసింది. నా మాట విని ఎవరైనా మోటార్ విప్పేసి ఉంటే సారీ. విప్పకపోతే ముందు ఈ కొలత చూడండి, గొలుసుకి మాత్రం చేతులు దూరంగా ఉంచండి.